ఆగిన అడుగు: చమురు మంటల ముందు ధర్మవిచారం

ద్రవానికి నిప్పంటుకుంది అంటారు గానీ కాలేది ద్రవం కాదు, దాని మీద లేచే ఆవిరి. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, స్పిరిట్, మందుల ఫ్యాక్టరీల్లో వాడే ద్రావకాలు, అన్నిటిదీ ఇదే తీరు. ఎంత వేడి దగ్గర ద్రవం మీద మండేంత ఆవిరి పోగవుతుందో ఆ వేడిని ఫ్లాష్ పాయింట్ అంటారు. పెట్రోలుకు అది సున్నాకు దాదాపు 40 డిగ్రీలు కింద. కిరసనాయిలుకు 38 సెల్సియస్ డిగ్రీల దగ్గర. భారతదేశంలో అమ్మే డీజిలుకు కనీసం 35 డిగ్రీలు ఉండాలని ప్రమాణం. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, అందుకే పొగలా పైకి పోదు. నీళ్లలాగే పల్లానికి దిగి, మోరీల్లో పాకి, దూరాన ఎక్కడో వెలుగుతున్న పొయ్యినో బీడీనో తాకి, వచ్చిన దారినే మంటై వెనక్కి పరుగెత్తుతుంది.

ఈ మంట ముందు అగ్నిమాపక శాస్త్రం చెప్పే మొదటి మాట: ఆగు. గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో ఆ దిక్కున, ఎత్తు మీద, దూరంగా నిలబడు. కారినది ఏమిటో తెలిసేదాకా ముందుకు పోకు. మతాలు మనిషికి నేర్పుతూ వచ్చిన మాట మరొకటి: ఎదుటివాడు ఆపదలో ఉంటే వెళ్లు. రెండూ ప్రాణం విలువ మీద నిలబడ్డ మాటలే. రెండూ ఒకే క్షణంలో ఒకే మనిషికి వినిపిస్తే ఏది వినాలి? మంటల్లో చిక్కినవాణ్ని చూస్తూ ఆగినవాడు పాపం చేసినట్టా, ధర్మం పాటించినట్టా? శాస్త్రాల్లో వెతకాల్సిన ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, ఇది ముందు రోడ్డు మీద ఎదురయ్యే ప్రశ్న.

జమ్మలమడుగులో అది ఎప్పుడైనా ఎదురుకావచ్చు. కృష్ణపట్నం రేవు నుంచి మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా తాడిపత్రి వైపు సాగే 67వ జాతీయ రహదారి ఈ ఊరికి ప్రాణనాడి. చమురు ట్యాంకర్లకు, సిమెంటు లారీలకు, నాపరాళ్ల బండ్లకు అదే దారి. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. బొగ్గుతో నడిచే బాయిలరును రాజేయడానికీ మొదట చమురే కావాలి. ఇక ఎండ సంగతి. మే నెలలో ఇక్కడ 43, 44 డిగ్రీలు మామూలు. నల్లటి నాపరాతి నేల, తారు రోడ్డు అంతకన్నా ఎక్కువగా కాగుతాయి. చల్లని దేశాల పుస్తకాల్లో మామూలు వేడికి అంటుకోవని రాసిన కిరసనాయిలు, డీజిలు ఇక్కడి మిట్టమధ్యాహ్నం పెట్రోలుకు చుట్టాలవుతాయి. డీజిలు మీద అగ్గిపుల్ల వేసినా ఏం కాదని లారీల దగ్గర వినిపించే ధీమా డిసెంబరు తెల్లవారుజామున చెల్లుతుందేమో గానీ మేలో చెల్లదు.

నీళ్లలా పారేది నీళ్లలా నిప్పును ఆర్పకుండా ఎందుకు పెంచుతుందన్నది పాత ప్రశ్నే. న్యాయ వైశేషికులు ద్రవత్వాన్ని రెండు రకాలుగా చెప్పారు. నీటికి అది సహజం. నెయ్యి వంటి పార్థివ పదార్థాలకు వేడి తగిలినప్పుడు వస్తుంది. ఈ పాఠం మొదట చదివేది తర్కసంగ్రహంలో, దాన్ని రాసిన అన్నంభట్టు ఆంధ్రుడు. జిడ్డుకు ఆ శాస్త్రంలో పేరు స్నేహం, అది నీటికి మాత్రమే ఉండే గుణం. మరి నూనెలో అంత జిడ్డున్నా అది మండుతుందేం? 17వ శతాబ్దంలో విశ్వనాథ న్యాయపంచాననుడు కారికావళిలో దీనికి జవాబు చెప్పాడు. నూనెలోని స్నేహం మరీ మిక్కుటమైనది, ఆ మిక్కుటమే నిప్పుకు అనుకూలమవుతుంది అని. రసాయనశాస్త్రం ముందు ఆ జవాబు నిలవలేదు. ప్రశ్న మాత్రం గట్టిది. పారేదంతా చల్లార్చేది కాదని ఆ పండితులు గమనించారు. ఇప్పటికీ కాగుతున్న బాణలికి నిప్పంటుకోగానే చెంబుడు నీళ్లు పోసేవాళ్లు ఆ సంగతి గమనించలేదు. అదే శాస్త్రం బంగారాన్ని కూడా తేజస్సు జాతిలో కలిపింది, ఎంత కాచినా దాని ద్రవత్వం చావదు గనక. ప్రొద్దుటూరులో మూస ముందు కూర్చున్న కంసాలికి ఈ వాదం అంత వింతగా తోచకపోవచ్చు.

అగ్నిని తెలుసుకోవడానికి తర్కం ఎత్తుకునే ఉదాహరణ ఊరందరికీ తెలిసిందే. కొండ మీద పొగ ఉంది, కాబట్టి నిప్పుంది. నిప్పు లేనిదే పొగ రాదనే సామెతలో ఉన్నదీ ఆ వ్యాప్తే. అయితే తిరగేసి నిప్పున్న ప్రతిచోటా పొగ ఉంటుందనకూడదని తార్కికులు హెచ్చరించారు. కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె తోడవ్వాలి. ఈ అదనపు షరతుకు ఉపాధి అని పేరు. ట్యాంకరు పక్కన నిలబడ్డవాడికి ఈ చిన్న తేడా ప్రాణాల మీదికి తెస్తుంది. పెట్రోలు మంట నల్లగా పొగ చిమ్ముతుంది, దూరం నుంచే కనపడుతుంది. మిథనాల్ మంటకు పొగ ఉండదు, పట్టపగటి ఎండలో మంటే కనపడదు. ఇక మంట పుట్టకముందు ఉండే ఆవిరికి పొగా లేదు, వెలుగూ లేదు. అక్కడ కంటితో చేసే అనుమానం పనికిరాదు, మిగిలేది ముక్కు.

ముక్కుతో చేసిన అనుమానానికి భారతంలో గొప్ప దృష్టాంతం ఉంది. వారణావతంలో తమ కోసం కట్టిన ఇంట్లో అడుగుపెట్టిన ధర్మరాజు గోడల మీద రంగు చూసి మెచ్చుకోలేదు. నేతితో, కొవ్వుతో కలిపిన లక్క వాసన పట్టాడు, ఇది కాల్చడానికి కట్టిన ఇల్లని భీముడితో చెప్పాడు. ఆ తర్వాత చేసింది ఇంకా గమనించదగ్గది. వెంటనే పారిపోలేదు, ఇల్లు మామూలుదే అన్నట్టు నిశ్చింతగానూ ఉండలేదు. విదురుడు పంపిన ఖనకుడి చేత నేల కింద సొరంగం తవ్వించి, బయటపడే దారి సిద్ధం చేసుకున్నాడు. ఆధునిక ఫ్యాక్టరీ భద్రతలో మూడు మెట్లుంటాయి: ఆవిరిని పసిగట్టడం, నిప్పురవ్వలను దూరం పెట్టడం, బయటికి దారి ముందే ఉంచడం. మొదటిదీ మూడోదీ లక్కయింట్లో జరిగాయి. రెండోది జరగకపోవడానికి కారణం ఉంది, దాని ప్రస్తావన తర్వాత వస్తుంది.

వాసన వచ్చిన తర్వాత కూడా టైం ఉంటుందని జైపూరు చూపింది. 2009 అక్టోబరు 29 సాయంత్రం అక్కడి ఇండియన్ ఆయిల్ డిపోలో పెట్రోలు గంటకు పైగా చిమ్మింది. ఆవిరి ఆవరణంతా పరుచుకున్నాక ఎక్కడో రవ్వ తగిలి పేలింది. వాల్వు దగ్గర ఆవిరికి సొమ్మసిల్లిన మనిషిని కాపాడబోయినవాడూ అదే ఆవిరి పాలయ్యాడు. ఆంధ్రలో 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీలో జరిగిందీ ఆ జాతి ప్రమాదమే. కారిన ద్రావకం ఆవిరై, రవ్వ తగిలి పేలింది, 17 మంది పోయారు. బావిలోనో, మురుగు గుంతలోనో ఒకడు పడితే, అతని కోసం దిగిన అన్న, అన్న కోసం దిగిన బావమరిది ఒకరి మీద ఒకరు పడి చనిపోయిన వార్త తెలుగు పత్రికల్లో ఏటా వస్తూనే ఉంటుంది. అక్కడ ఎవరికీ ప్రేమ కొరవడలేదు, తెలివి కొరవడలేదు. లోపలున్నదేమిటో తెలియకముందే అడుగు ముందుకు పడింది, అంతే.

కన్నతల్లి అడుగే అలా పడబోతే ఏం చెప్పాలి? ఆదిపర్వం చివర, ఖాండవ వనం కాలుతున్నప్పటి కథ సరిగ్గా ఇక్కడికే వస్తుంది. జరిత అనే శార్ఙ్గక పక్షికి నాలుగు పిల్లలు. రెక్కలు రాలేదు. తండ్రి మందపాలుడు ఇంకో పక్షితో వెళ్లిపోయాడు. మంట దగ్గరికొచ్చింది. నలుగురినీ ఎత్తుకుపోలేదు, ఒకరిని ఎత్తుకుని ముగ్గురిని వదలలేదు. తన ఒంటితో కప్పి అందరూ కలిసి చద్దామా అనుకుంది. తర్వాత ఒక ఉపాయం చెప్పింది. పక్కనే ఎలుక కన్నం ఉంది, అందులో దూరండి, మీద మట్టి కప్పుతాను, మంట చల్లారాక వచ్చి తీస్తాను అంది. పిల్లలు ఒప్పుకోలేదు. ఎలుకను గద్ద ఎత్తుకుపోయింది, చూశానని తల్లి అంటే, ఆ కన్నంలో ఇంకో ఎలుక ఉండదని ఎలా తెలుసని అడిగాయి. కన్నంలోకి పోతే చావు ఖాయం, బయట ఉంటే గాలి మళ్లి మంట తప్పిపోవచ్చు, రెంటిలో అనుమానం ఉన్నదే మేలని లెక్కవేశాయి. చివరికి తల్లినే వెళ్లిపొమ్మన్నాయి. నువ్వు బతికితే మళ్లీ పిల్లల్ని కంటావు, మేం బతికితే తిరిగి మా దగ్గరికే వస్తావు, అందరం ఒక్కచోట చస్తే ఎవరికేం ఒరుగుతుందన్నాయి. జరిత ఎగిరిపోయింది.

ప్రమాద నిర్వహణ పుస్తకాల్లో రెండు అధ్యాయాలుగా సాగే చర్చ, జనాన్ని ఖాళీ చేయించాలా లేక తలుపులు మూసి లోపలే ఉంచాలా అనేది, ఈ ఎలుక కన్నం దగ్గర అయిదు నోళ్లలో జరిగిపోయింది. అంతకన్నా విశేషం, కథ జరితను తప్పుపట్టదు. వెళ్లిపోయిన తల్లి తల్లి కాకుండా పోలేదు. మంట తగ్గగానే తిరిగొచ్చి ఒక్కొక్క పిల్లనూ ఏడుస్తూ హత్తుకుంది. మందలింపు దక్కింది మందపాలుడికే. అగ్నిని స్తుతించి పిల్లలకు అభయం ముందే సంపాదించి పెట్టింది అతనే అయినా, ఇంట్లో ఉండాల్సినప్పుడు లేడు. ఆపద వేళ దూరంగా పోయినవాళ్లలో కూడా కథ తేడా చూసిందన్న మాట. చేయగలిగినదేదీ మిగలక వెనక్కి తగ్గింది తల్లి. చేయాల్సినప్పుడు దగ్గర లేకుండా పోయాడు తండ్రి. దూరం ఒకటే, దోషం ఒకటి కాదు.

ఇతర మతాల్లోనూ ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. ఒక్క ప్రాణాన్ని నిలబెట్టినవాడు మానవజాతినంతా నిలబెట్టినట్టని ఖురాన్ అయిదో అధ్యాయం చెబుతుంది. చేజేతులా నాశనంలోకి దూకొద్దని రెండో అధ్యాయం చెబుతుంది. స్నేహితుల కోసం ప్రాణమిచ్చే ప్రేమను మించింది లేదన్నది యోహాను సువార్త. దేవుడు కాపాడతాడుగా, గుడి శిఖరం మీద నుంచి దూకమని సాతాను అడిగితే ఏసు ఒప్పుకోలేదన్నది మత్తయి సువార్త. త్యాగానికీ దేవుణ్ని పరీక్షించడానికీ మధ్య గీత ఉందని రెండు సంప్రదాయాలూ చెబుతున్నాయి. తెలుగువాళ్లు ఆ గీతను వ్యాపార భాషలో గీశారు: తనకు మాలిన ధర్మం, మొదలు చెడిన బేరం. ఈ సామెతను పిసినారితనానికి సాకుగా వాడుకోవడం అలవాటైంది. మంట దగ్గర మాత్రం దాని అర్థం అక్షరాలా నిజం. కాపాడబోయినవాడు పడిపోతే కాపాడాల్సినవాళ్లు ఒకరికి ఇద్దరవుతారు, కాపాడేవాళ్లు ఒకరు తగ్గుతారు.

ఆగడం అంటే చేతులు కట్టుకోవడం కాదన్నది దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. మే నెల మధ్యాహ్నం జమ్మలమడుగు, ముద్దనూరు మధ్య ఒక ట్యాంకరు రోడ్డు పక్కకు ఒరిగిందనుకుంటే, మొదట కనిపించేది మంట కాదు. తడిసిన తారు, దాని మీద నీళ్లు మరుగుతున్నట్టు వణికే గాలి, ముక్కుపుటాలు మండించే తీపి వాసన. మ్యాన్‌హోలు మూత సందులోంచి సన్నని ధార వంక వైపు జారుతుంటుంది. ఈ పూటకు గాలి ఎటు నుంచి వస్తుందో తుమ్మచెట్టు కొమ్మను చూసి తెలుసుకోవచ్చు, పిడికెడు దుమ్ము ఎగరేసీ తెలుసుకోవచ్చు. ట్యాంకరు మీద నారింజరంగు పలక ఉంటుంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ప్రమాదకర సరుకు మోసే బండికి అది తప్పనిసరి. అందులో నాలుగంకెల ఐక్యరాజ్యసమితి సంఖ్య, ఒక చిన్న సంకేతం, ఫోను నంబరు, మంట బొమ్మ ఉన్న ఎర్రని వజ్రాకార గుర్తు కనిపిస్తాయి. పెట్రోలుకు సంకేతం 3వైఈ. 3 అంటే నురగ వాడాలి. వై అంటే శ్వాస పరికరం కావాలి, కారినదాన్ని కాలవల్లోకి కడగకుండా కట్టకట్టి ఆపాలి. ఈ అంటే జనాన్ని ఖాళీ చేయించే సంగతి ఆలోచించాలి. అగ్నిమాపక దళాలు వాడే ప్రామాణిక సూచనల ప్రకారం కారినప్పుడు చుట్టూ కనీసం 50 మీటర్లు ఖాళీగా ఉంచాలి. పెద్దగా కారితే గాలి వాలుకు 300 మీటర్లు. ట్యాంకరుకే నిప్పంటుకుంటే అన్ని దిక్కులా 800 మీటర్లు. ఫోను చేయడం, రోడ్డుకు రెండు వైపులా బండ్లు ఆపడం, ఇంజన్లు ఆర్పించడం, పొయ్యిలు ఆర్పమని పక్కపల్లెకు కబురు పంపడం, వంకకు అడ్డంగా ఇసుకతోనో మట్టితోనో కట్ట వేయించడం, ఇవన్నీ గీత అవతల నిలబడి చేసే పనులు. వీటిలో ఒక్కటీ కథల్లో కీర్తి తెచ్చే పని కాదు.

నీళ్ల సంగతి వేరే చెప్పాలి. మంటకు నీళ్లు విరుగుడు అన్నది ఎంత లోతుగా నాటుకుందంటే, ఫైరింజను నీళ్లు చల్లకుండా ఆగితే జనం రాళ్లు విసరడానికి సిద్ధపడతారు. పెట్రోలు నీటికన్నా తేలిక. నీళ్లు కొడితే అది ఆ నీటి మీదే తేలి, మండుతూనే ఇంకో వీధికి పారుతుంది. నీటిలోనూ ఆరని నిప్పును తెలుగులో బడబాగ్ని అంటారు. ఔర్వుడి కథ దానిది. భృగువంశాన్ని ఊచకోత కోసినవాళ్ల మీద కోపంతో లోకాలన్నీ కాల్చబోయిన ఔర్వుణ్ని పితృదేవతలు ఆపారు. ఆ కోపాన్ని చంపమనలేదు, సముద్రంలో విడవమన్నారు. ఆరని నిప్పుకు హద్దు చూపించడమే వాళ్లు చెప్పిన పరిష్కారం. చమురు మంటల దగ్గర చేసేదీ అంతే. నురగ దుప్పటిలా ద్రవాన్ని కప్పి ఆవిరిని నొక్కిపెడుతుంది. నీళ్లు పక్క ట్యాంకును చల్లబరచడానికి, దూరం నుంచి. భారతదేశంలో పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతానికి చేరాక ఇంకో చిక్కు వచ్చింది. మామూలు నురగను ఆల్కహాలు విరగ్గొడుతుంది, దానికి తట్టుకునే ప్రత్యేకమైన నురగ ఉండాలి. ఏ నురగ నిల్వలో ఉందన్నది కూడా ధర్మప్రశ్నేనని ఎవరికీ తోచదు.

కొన్నిసార్లు హద్దు చూపి కాలనివ్వడమే సరైన నిర్ణయం. జైపూరు మంట పదకొండు రోజులు మండి ట్యాంకుల్లో చమురు అయిపోయాకే ఆరింది. కోనసీమలో పాశర్లపూడి దగ్గర 1995 జనవరి 8న ఎగసిన బావి మంట 65 రోజులు మండింది. కాలిపోనివ్వడం ఓటమిలా కనిపిస్తుంది, ప్రజలకు నచ్చదు, పత్రికలకు అసలు నచ్చదు. లెక్క మాత్రం జరిత పిల్లలు వేసిన లెక్కే. ఆస్తి పోవడం ఖాయం, దాని కోసం మనుషుల్ని పంపడం అనవసరం.

దీనికి ఎదురుగా 1944 ఏప్రిల్ 14 నిలబడుతుంది. బొంబాయి రేవులో పత్తి బేళ్లూ పేలుడు పదార్థాలూ కలిపి మోసుకొచ్చిన ఓడ ఫోర్ట్ స్టైకిన్‌కు నిప్పంటుకుంది. ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది పేలుళ్లలో చనిపోయారు. దేశమంతటా అగ్నిమాపక దినం ఆ తేదీనే జరుపుతారు. వాళ్లు మొదటి సూత్రం తప్పారని చెప్పడం తేలిక, అన్యాయం కూడా. పేలుడు సరుకు ఉందని తెలిపే ఎర్రజెండా ఆ ఓడ మీద లేదు. ఆగు అనే మాట చెప్పాల్సిన గుర్తును ఎగరేయనివాళ్లదే తప్పు. త్యాగానికి నమస్కారం పెడుతూనే ఆ త్యాగం ఎవరి నిర్లక్ష్యం వల్ల అవసరమైందో అడగాలి. నమస్కారంతో ఆగిపోయే శ్రద్ధాంజలి ఆ ఎర్రజెండా లేని సంగతిని కప్పిపుచ్చుతుంది.

నిప్పుతో ఈ ప్రాంతానికి ఉన్న భక్తిబంధాన్ని పక్కనపెట్టి ఈ చర్చ ముగించలేం. రాయలసీమ పల్లెల్లో పీర్ల పండుగకు చావిడి ముందు గుండం తవ్వుతారు. హిందువులూ ముస్లిములూ కలిసి మొద్దులు వేసి కాలుస్తారు, పీర్లెత్తుకుని నిప్పుల మీద నడుస్తారు. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి ఇందుకోసం వేలమంది పోతారు. వీరభద్రుడి గుళ్ల ముందు అగ్నిగుండాలదీ ఇదే తీరు. గుండం తొక్కినవాడికి నిప్పు ఏం చేస్తుందనే ధైర్యం అక్కడ పుడుతుంది. అయితే గుండం తొక్కడంలో క్రమశిక్షణను ఎవరూ మెచ్చుకోరు. మంట పూర్తిగా పడిపోయి నిప్పులు మిగిలాకే అడుగు పెడతారు. ఉపవాసాలుంటాయి, పెద్దలు చూస్తుంటారు. కట్టెబొగ్గు వేడిని నెమ్మదిగా వదులుతుంది, పాదం తగిలేది క్షణం కన్నా తక్కువ. చమురు మంటలో ఈ వెసులుబాట్లేవీ లేవు. అది అంటుకుని ఒంటికి పట్టుకుంటుంది, దాని వేడి తాకకుండానే కాలుస్తుంది. గుండం త్వరగా రాజుకోవాలని దాని మీద పెట్రోలు పోయడం భక్తి కాదు. ఆ పని చేసేవాళ్లు ఉన్నారు, కాళ్లు కాదు మొహాలు కాలినవాళ్లూ ఉన్నారు. దేవుడి మీద నమ్మకం పదార్థం గుణాన్ని మార్చదు. మారుస్తుందనుకోవడం సాతాను ఏసును అడిగిన ప్రశ్నకు ఔననడమే.

బిందెలు, క్యాన్లు పట్టుకుని వచ్చేవాళ్ల సంగతి ఇంకొకటి. ట్యాంకరు ఒరిగిందని తెలియగానే చమురు పట్టుకోవడానికి ఊరు కదులుతుంది. 2017 జూన్‌లో పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ దగ్గర రంజాను మాసం చివర ఇలా వచ్చినవాళ్లు రెండు వందలకు పైగా కాలిపోయారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినవాడి సామెత వీళ్లకు వర్తిస్తుందనిపించవచ్చు. అంత తొందరపడకూడదు. రోడ్డు మీద పారుతున్నది ఎవరిదీ కాదనిపించడం, నేలపాలయ్యేది ఇంటికి పనికొస్తుందనిపించడం పేదవాడికి దొంగతనంలా తోచదు. పరుల సొత్తు ముట్టకూడదన్న నీతిపాఠం కన్నా, ఆ బిందెలో పోసిన పెట్రోలుకు ప్లాస్టిక్ మీద పుట్టే చిన్న విద్యుత్తు రవ్వ చాలునన్న మాట ముందు చెప్పాలి. నీతి వాళ్లకు తెలుసు, ప్రమాదమే తెలియదు.

మంటలు ఆరాక రాతను నిందించే ఘట్టం వస్తుంది. 2013 అక్టోబరు 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు కల్వర్టును గుద్ది డీజిలు ట్యాంకు చీలి 45 మంది కాలిపోయారు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు కింద ఇరుక్కున్న మోటారు సైకిలు పెట్రోలు కారి దాదాపు ఇరవై ప్రాణాలు పోయాయి. రెండు చోట్లా జనం నోట మొదట వచ్చిన మాట విధి. పోయినవాళ్ల ఇంట ఆ మాటకు చోటుంది, అది దుఃఖాన్ని మోయడానికి చేతికర్ర. విచారణ జరిపేచోట దానికి చోటు లేదు. తలుపు ఎందుకు తెరుచుకోలేదు, కిటికీ పగలగొట్టే సుత్తి ఎక్కడుంది, చమురు ట్యాంకు ఏ చోట బిగించారు అనే ప్రశ్నలకు కర్మసిద్ధాంతం జవాబు కాదు. కర్మ అంటే చేసిన పనికి ఫలం. చేసినవాడెవడో వెతక్కుండా ఫలం అనుభవించినవాడి మీదే కర్మను మోపడం ఆ సిద్ధాంతాన్ని తలకిందులు చేయడమే.

లక్కయింట్లో నిప్పురవ్వను ఎందుకు దూరం పెట్టలేదో ఇప్పుడు చెప్పాలి. ఆ ఇంటికి నిప్పు పెట్టింది పాండవులే. తప్పించుకోవడానికి, చచ్చిపోయామని శత్రువు నమ్మడానికి. ఆ రాత్రి ఆ ఇంట్లో విందుకొచ్చి తాగి పడుకున్న ఒక నిషాద స్త్రీ, ఆమె అయిదుగురు కొడుకులు కాలిపోయారు. వాళ్ల శవాలే పాండవుల శవాలుగా చలామణీ అయ్యాయి. ఆమెకు కథలో పేరు లేదు. ధర్మరాజు ముక్కుకు తెలిసినది ఆమెకు ఎవరూ చెప్పలేదు, సొరంగం ఉన్నదీ చెప్పలేదు. 2020 మే 7న తెల్లవారుజామున మూడు గంటలకు విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కమ్ముకున్నప్పుడు ఊరు నిద్రలో ఉంది. పక్కనున్న ఫ్యాక్టరీ ట్యాంకులో ఏముందో, వాసన వస్తే ఎటు పరుగెత్తాలో ఊరివాళ్లకు ఎవరూ నేర్పలేదు. 12 మంది పోయారు. ఆవిరి అంటుకోలేదు, అంటుకునే పనే లేకపోయింది.

మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. మంట ముందు ఆగడం పాపం కాదు, జరిత పాపం చేయలేదు. తనకు తెలిసినది నిద్రపోతున్నవాడికి ముందుగా చెప్పకుండా, ఆ తర్వాత మాత్రం శాస్త్రప్రకారం దూరంగా నిలబడటం పాపం. ఆగే హక్కు ముందే సొరంగం తవ్వినవాడికే ఉంటుంది. అందులోనూ ఆ దారి ఇంట్లో పడుకున్నవాళ్లందరికీ చూపించి ఉండాలి. గోదాము పక్క వీధికి ఏ సరుకు నిల్వ ఉందో చెప్పని యజమాని, నురగ కొనని కార్యాలయం, పలకను బురద కమ్మినా తుడవని డ్రైవరు, ఇళ్ల మధ్య సీసాల్లో పెట్రోలు అమ్ముతున్నా చూసీ చూడనట్టు పోయే ఊరు, వీళ్ల దోషం మంట లేచినప్పుడు మొదలవదు.

రోడ్డు పక్క ఒరిగిన ట్యాంకరును చూసినవాళ్లు దగ్గరికి పోకుండా, గాలి వచ్చే వైపుకు జరిగి, 101కో 112కో ఫోను చేసి, కనిపిస్తే నారింజరంగు పలక మీది నాలుగంకెలు చదివి చెప్పాలి. పెట్రోలైతే 1203. డీజిలైతే 1202.